హార్మోనీ పెట్టె నుంచి పైప్ ఆర్గన్ దాకా

(ఈ ఎపిసోడ్‌లో మాట్లాడినదాని పాఠం ఇది. డ్యూటీలో ఆడియో పెట్టుకోవడం కుదరనివాళ్ళు చదువుకుంటారని పెడుతున్నాం. మాటలు చాలావరకు మాట్లాడినట్టే ఉంచాం.)

 

ఈసారి వీసా సంగతులు లేవు, ఓవర్‌టైం లెక్కలూ లేవు. పైప్ ఆర్గన్ గురించి చెప్తాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. ఏసీ డక్టులు బిగించేవాడికి ఆర్గన్‌తో ఏం పని అని మా ఇంట్లోనే అడిగారు. కానీ దీని గురించే మా ఇంట్లో ఏడాది పైగా గొడవ నడిచింది. ఆ గొడవలో తప్పు నాదే. అదీ చెప్తాను.

నన్ను మొదటిసారి వింటున్నవాళ్ళ కోసం ఒక్క ముక్క. మాది తెనాలి పక్కన పల్లెటూరు. ఐటీఐలో షీట్ మెటల్ చేశాను. దుబాయ్‌లో 8 ఏళ్ళు డక్టింగ్ పని. మా ఆవిడ నర్సు. 2017లో ఆమెకి ఇక్కడ ఉద్యోగం వస్తే డిపెండెంట్‌గా నేనూ, పాపా వచ్చాం. ఇప్పుడు లండన్‌లో నాది అదే పని, వెంటిలేషన్.

2019 చలికాలంలో ఒక పాత చర్చిలో హీటింగ్ మార్చే పని పడింది. ఏ చర్చి అన్నది ఎందుకులెండి. పొద్దున్నే వెళ్ళి ఫ్యాన్ టెస్ట్ రన్ మొదలుపెట్టామో లేదో, పైనుంచి "ఆపండి, ఆపండి" అని కేక. చూస్తే గోడంత ఎత్తున నిలబెట్టిన గొట్టాల మధ్యలోంచి ఒక పెద్దాయన తల బయటికి పెట్టి చెయ్యి ఊపుతున్నాడు. ఆర్గన్‌కి శ్రుతి చేసే ఆయన, ట్యూనర్ అంటారు. మా ఫ్యాన్ రొదలో ఆయనకి శ్రుతి తేడా వినపడట్లేదు. ఆపేశాం. మా సూపర్‌వైజర్ గొణుక్కుంటూ టీకి పోయాడు.

ఆయనకి ఇంకో ఇబ్బంది ఉంది. ఆర్గన్ శ్రుతి చెయ్యాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు లోపల గొట్టాల దగ్గర, ఒకరు బయట మెట్ల దగ్గర. మెట్లంటే కీస్ అండీ, హార్మోనీ వాయించేవాళ్ళు మెట్లనే అంటారు. బయట కూర్చున్న మనిషి ఒక్కో మెట్టు నొక్కిపట్టుకోవాలి. లోపలాయన సరిచేసుకుని "నెక్స్ట్" అంటే పక్క మెట్టుకి పోవాలి. ఆ రోజు ఆయన మనిషి రాలేదు. కాసేపు నొక్కిపెడతావా అని నన్ను అడిగాడు.

హై విజ్ జాకెట్‌తో, సేఫ్టీ బూట్లు విప్పేసి సాక్సులతో, గంటన్నర కూర్చున్నాను ఆ బల్ల మీద. నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్. మధ్యలో ఒకసారి ఆయన చెప్పకముందే పక్క మెట్టుకి వెళ్ళిపోయాను. శ్రుతి కలిసినట్టు నాకే తెలిసిపోయింది. రెండు స్వరాలు కలవనప్పుడు ఒక అల లేస్తుంది కదా, వ్వా వ్వా వ్వా అని, అది నెమ్మదించి నెమ్మదించి ఆగిపోతుంది. ఆయన తల బయటపెట్టి, నీకు సంగీతం వచ్చా అన్నాడు. రాదండీ, మా నాన్న హార్మోనిస్టు అన్నాను. అయితే లోపలికి రా, చూపిస్తా అన్నాడు.

లోపలికి వెళ్ళి చూస్తే ప్లాంట్ రూమ్ అండీ అది! ఒట్టు. ఒక మూల బ్లోయర్. దాని నుంచి చెక్కతో చేసిన డక్టు. ఆ గాలి ముందు ఒక పెద్ద తిత్తిలోకి పోతుంది. తిత్తి మీద బరువులు పెట్టి ఉన్నాయి, లోపల గాలి ఎంత వాడినా ఒత్తిడి మారకుండా. అక్కడి నుంచి గాలిపెట్టెలోకి. అది మన ప్లీనమ్ బాక్సే. దాని మీద వరసగా గొట్టాలు నిలబెట్టారు. ఒక్కో మెట్టు నొక్కితే లోపల ఒక చిన్న తలుపు తెరుచుకుంటుంది, గాలి గొట్టంలోకి ఎగదన్నుతుంది. మెట్టు వదిలితే తలుపు మూతపడుతుంది. పైన ఒక గది మొత్తానికి చెక్క లూవర్లు పెట్టారు, మన డ్యాంపర్ బ్లేడ్లలాగే. వాయించే మనిషి కాలితో ఒక పెడల్ తొక్కితే అవి తెరుచుకుంటాయి, శబ్దం పెరుగుతుంది. ఎందుకంటే ఆర్గన్‌లో మెట్టు గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ఒకటే శబ్దం. హార్మోనీలోనైతే తిత్తి ఊపులో ఉంటుంది ప్రాణమంతా.

ఆయన దగ్గర మానోమీటర్ కూడా ఉంది. యూ ఆకారం గాజు గొట్టం, అందులో నీళ్ళు. ఈ ఆర్గన్ గాలి ఒత్తిడి 3 ఇంచుల నీళ్ళు అన్నాడు. మన లెక్కలో దాదాపు 750 పాస్కల్స్. ఈ దేశంలో డక్టులకి లో ప్రెషర్ క్లాస్ 500 దగ్గర ఆగిపోతుంది. అంటే ఇది మీడియం ప్రెషర్ డక్టు అన్నమాట. జీఐ షీటు లేదు, సీలెంట్ లేదు. చెక్క, తోలు, జిగురు. లీక్ టెస్టులో రెండుసార్లు ఫెయిలయినవాడిగా చెప్తున్నా, నేను ఆ జాయింట్లకి దణ్ణం పెట్టాను.

గొట్టం మీద చెయ్యి వెయ్యబోతే వద్దన్నాడు. చేతి వేడికే శ్రుతి మారిపోతుందట. అక్కడే తెలిసింది ఆయనకి మా మీద కోపం ఎందుకో. గది వేడెక్కితే మామూలు గొట్టాల శ్రుతి పైకి పోతుంది, నాలుక ఉన్న గొట్టాలది అంతగా కదలదు. దాంతో ఒకదానికొకటి పొసగదు. ఆదివారం పొద్దున ఒక్కసారిగా హీటింగ్ పెంచితే చెక్క ఎండి పగుళ్ళు కూడా వస్తాయి. ఆ తర్వాత నేను ఏ పాత చర్చిలో పనికి వెళ్ళినా ముందు అడిగే మాట ఇదే, ఆర్గన్ ఎటువైపు ఉందండీ అని. గ్రిల్లు దానివైపు తిప్పను.

గొట్టాల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. కొన్ని చెక్కవి, కొన్ని తగరం, సీసం కలిపినవి. 8 అడుగుల వరస అంటే అందులో అన్నిటికన్నా కింది స్వరం పలికే గొట్టం సుమారు 8 అడుగులు. దానికి రెట్టింపు, 16 అడుగులైతే ఒక స్థాయి కిందకి దిగుతుంది. 32 అడుగులది పలికితే చెవికి వినపడటం కన్నా బల్ల వణకడం ముందు తెలుస్తుంది. అన్నిటికన్నా చిన్నవి పెన్సిల్ కన్నా పొట్టివి. రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఉన్న ఆర్గన్‌కి 9,999 గొట్టాలు. 1871లో హెన్రీ విల్లిస్ అనే ఆయన కట్టాడు. అప్పట్లో దానికి గాలి కొట్టింది ఆవిరి ఇంజన్లు.

మరి ఆవిరి ఇంజన్లు, కరెంటు మోటార్లు లేని చోట గాలి ఎవరు కొట్టారు? మనుషులే. వందల ఏళ్ళ పాటు, బాక్ వాయించినా ఇంకెవరు వాయించినా, వెనకాల ఒకరో ఇద్దరో ముగ్గురో కర్ర పట్టుకుని తిత్తి కొట్టాల్సిందే. ఇంగ్లండ్ పల్లెల్లో చర్చి దగ్గర కుర్రాళ్ళకి నాలుగు చిల్లర డబ్బులిచ్చి కొట్టించేవాళ్ళు. తిత్తిలో గాలి ఎంతుందో తెలియడానికి ఒక తాడుకి చిన్న సీసం ముక్క కట్టి ఉంచేవాళ్ళు, అది పైకీ కిందికీ కదులుతూ ఉంటుంది. అది గీత దాటిందంటే గాలి అయిపోతోందన్నట్టు. ఆ చర్చిలో ట్యూనర్ నాకు ఆర్గన్ పక్క చెక్క చూపించాడు. చాకుతో గీసిన పేర్లు, ఏళ్ళు. గాలి కొట్టిన కుర్రాళ్ళవి. వాయించినవాళ్ళ పేర్లు ముందువైపు ఇత్తడి రేకు మీద ఉన్నాయి.

ఇక మా నాన్న సంగతి.

మన హార్మోనీకీ ఈ ఆర్గన్‌కీ చుట్టరికం ఉంది. గొట్టాలు పెట్టడానికి చోటూ డబ్బూ లేనివాళ్ళకి, గొట్టాలు తీసేసి ఇత్తడి రీడ్లతో చిన్న పెట్టె చేశారు యూరప్‌లో. పారిస్‌లో దెబాఁ అనే ఆయన 1840ల మొదట్లో హార్మోనియం పేరుతో పేటెంట్ తీసుకున్నాడు. మిషనరీల వెంట, దొరల వెంట అది మన దేశం వచ్చింది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875 ప్రాంతంలో నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఊపుతూ వాయించే పెట్టె తయారుచేశాడు. మన గమకాలు పలకవని ఆలిండియా రేడియో దాన్ని 1940 నుంచి 1971 దాకా నిషేధించింది కూడా. రేడియోలో నిషేధం ఉంటే ఉండనీండి, మన పద్యనాటకం దాన్ని వదల్లేదు. హార్మోనీ లేకుండా రాయబారం సీను ఎక్కడ జరిగింది చెప్పండి!

మా నాన్నది కాళ్ళ హార్మోనీ. కింద రెండు పెడల్స్ తొక్కుతుంటే గాలి, పైన రెండు చేతులూ ఖాళీ. తెల్లవార్లూ తొక్కేవాడు. హరిశ్చంద్ర కాటి సీను వచ్చేసరికి రాత్రి రెండు దాటేది, జనం వన్స్ మోర్ అంటే మళ్ళీ మొదటికి. పద్యం పాడినాయన రాగం తీసి ఎక్కడ వదిలేస్తే అక్కడ నాన్న అందుకోవాలి. చప్పట్లు, నోట్ల దండలు వేషగాడికి. పొద్దున ఇంటికొచ్చాక నాన్న పిక్కలకి అమ్మ నూనె రాసేది. కాంట్రాక్టరు డబ్బులు ఎగ్గొట్టిన రాత్రులే ఎక్కువ. నేను పదో తరగతిలో ఉండగా ఆ మెట్ల మీద చెయ్యి వేస్తే మూత వేసేశాడు. "ఈ పెట్టె నీకొద్దురా. చేతిపని ఏదన్నా నేర్చుకో" అన్నాడు. నేర్చుకున్నాను. దాంతోనే ఇల్లు కట్టాను, చెల్లి పెళ్ళి చేశాను. నాన్న మీద నాకు కోపం లేదు.

ట్యూనర్ కథ ఇంట్లో చెప్పాను కదా, మా పాపకి అప్పుడు 12 ఏళ్ళు. కీబోర్డు కాస్త వాయిస్తుంది. వాళ్ళ స్కూలు కాయిర్ ఒక చర్చిలో పాడటానికి వెళ్ళినప్పుడు, కచేరీ అయ్యాక అక్కడి ఆర్గనిస్టు పిల్లల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి నొక్కనిచ్చారట. ఇది దిగలేదు. ఆమే నేర్పిస్తానన్నారు, డబ్బు తీసుకోకుండా. మా అమ్మ ఫోన్‌లో, "చర్చిలో వాయిస్తే మతం మారాలంటారేమోరా" అంది. ఎవరూ ఏమీ అడగలేదు. శనివారం సాయంత్రం తలుపు తాళం మాత్రం జాగ్రత్త అన్నారు.

ఆర్గన్ నేర్చుకోవడంలో అన్నిటికన్నా పెద్ద కష్టం అదేనండీ, ఇంట్లో పెట్టుకోలేం. ఆర్గన్ ఎక్కడుంటే మనిషి అక్కడికి పోవాలి. జనవరిలో ఖాళీ చర్చి ఎంత చలిగా ఉంటుందో హీటింగ్ వాడిని, నాకు తెలుసు. పాప కోటు వేసుకుని, వేళ్ళు కత్తిరించిన గ్లౌజులతో వాయించేది. ఒక్కదాన్నే వదల్లేక నేను డ్యూటీ నుంచి అటే వెళ్ళి వెనక బల్ల మీద పడుకునేవాణ్ణి. చేతులకి రెండు మూడు వరసల మెట్లు, కాళ్ళకి ఇంకో 30 మెట్లు. దానికి పల్చటి తోలు అట్ట ఉన్న ప్రత్యేకమైన బూట్లు ఉంటాయి. కిందికి చూడకుండా కాళ్ళతో స్వరాలు వెతుక్కోవాలి. మా నాన్న కాళ్ళు గాలి కొట్టాయి, దీని కాళ్ళు ఏకంగా పాటే వాయిస్తున్నాయి అనుకునేవాణ్ణి నిద్రలో.

అంతవరకు బాగానే ఉంది. 16 నిండాక ఒకరోజు భోజనాల దగ్గర చెప్పింది, కన్సర్వటాయిర్‌కి పోతాను అని. కన్సర్వటాయిర్ అంటే సంగీతం మాత్రమే చెప్పే డిగ్రీ కాలేజీ. నేనేమన్నానో తెలుసా? "ఈ పెట్టె నీకొద్దు. ఫార్మసీ చదువు, వారాంతంలో వాయించుకో." అన్నాక నా చెవికే వినపడింది ఎవరి మాటో. అయినా వెనక్కి తీసుకోలేదు. పాప అడిగింది, "మీరు డక్టింగ్ వారాంతంలో చేస్తారా నాన్నా?" మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. నేను లేచి వెళ్ళిపోయాను. అప్పటి నుంచి దాదాపు ఏడాది సరిగ్గా మాటల్లేవు. చర్చికి మాత్రం తోడు వెళ్ళేవాణ్ణి.

మా ఆవిడే దారి చూపింది. గొడవపడే ముందు ఒకసారి వెళ్ళి చూడండి అంది. లండన్‌లో మేరిల్‌బోన్ రోడ్డు మీద రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్ ఉంది. 1822లో పెట్టారు. మనలాంటివాళ్ళని లోపలికి రానిస్తారా అనుకోకండి, విద్యార్థుల కచేరీలు ఉచితంగా చాలా పెడతారు. వాళ్ళ డ్యూక్స్ హాల్‌లో ఉన్న ఆర్గన్ స్విట్జర్లాండ్‌లో కూన్ అనే కంపెనీ కట్టింది, 2013లో పెట్టారు. దానికి డబ్బు ఇచ్చింది ఎవరనుకున్నారు? పాప్ పాటల ఎల్టన్ జాన్, ఆయన డ్రమ్స్ మిత్రుడు రే కూపర్. ఎల్టన్ జాన్ 11 ఏళ్ళప్పుడు స్కాలర్‌షిప్ మీద ఆ అకాడమీకే శనివారాలు వెళ్ళి నేర్చుకున్నాడు.

మేం వెళ్ళిన రోజు ఒక కుర్రాడు వాయించాడు, బాక్ పాసకాలియా. వీపే కనపడుతోంది మాకు. మొదలుపెట్టినప్పుడు చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. కాళ్ళతో ఒక్కటే ఒక వరస వాయించాడు, 8 బార్లు. అంతే, ఆ తర్వాత పావుగంట సేపు ఆ వరస మీదే కట్టుకుంటూ పోయాడు, 20 రకాలుగా. మన పల్లవి మళ్ళీ మళ్ళీ వచ్చినట్టే, కాకపోతే ఒక్కోసారి అది కింద నుంచి పైకి వచ్చేస్తుంది, మనం వెతుక్కోవాలి. అయ్యాక దిగి వంగి దణ్ణం పెడుతుంటే చొక్కా వీపు తడిసిపోయి ఉంది. ఆ తడి చూశాకే నా మనసు మారింది, సంగీతానికి కాదు. ఇది పని. రాత్రంతా పెడల్స్ తొక్కి వచ్చిన మనిషి వీపు అలాగే ఉండేది.

ఆ తర్వాత కూర్చుని లెక్కలు వేశాం. మీలో పిల్లలు ఉన్నవాళ్ళకి పనికొస్తాయి కాబట్టి చెప్తాను. ఇంగ్లండ్‌లో డిగ్రీకి హోమ్ ఫీజు 2025లో చేరినవాళ్ళకి ఆ ఏడాదికి 9,535 పౌండ్లు, దానికి ప్రభుత్వ లోను వస్తుంది. మాకు 2022లో ఐఎల్ఆర్ రావడం వల్ల అది కుదిరింది. విదేశీ విద్యార్థిగా లెక్క కడితే రెండింతలు దాటిపోతుంది. దరఖాస్తు యూకాస్ కన్సర్వటాయిర్స్ ద్వారా, గడువు అక్టోబరు మొదట్లోనే. మామూలు యూనివర్సిటీల్లాగా జనవరి దాకా ఉంటుందనుకుని ఆగితే ఆ ఏడు పోయినట్టే. మార్కుల కన్నా ఆడిషన్ ముఖ్యం. తెచ్చిన పాటలు వాయించడంతో పాటు, చూడని కాగితం అప్పటికప్పుడు వాయించమంటారు.

ఉద్యోగం సంగతి. చర్చిల్లో వాయించేవాళ్ళు దొరక్క ఇబ్బంది పడుతున్నారు ఇక్కడ. పెళ్ళికి, అంత్యక్రియలకి విడిగా డబ్బులిస్తారు. కాయిర్లకి తోడు వాయించడం, పాఠాలు చెప్పడం ఉంటాయి. పెద్ద జీతాలేం కావు, అబద్ధం ఎందుకు. ఇంకోటి, షీట్ మెటల్, వడ్రంగం తెలిసిన తమ్ముళ్ళకి చెప్తున్నా, ఆర్గన్లు కట్టే పని కూడా ఉంది. డరమ్‌లో ఉన్న హారిసన్ అండ్ హారిసన్ కంపెనీ 1861 నుంచి కడుతోంది. గొట్టం రేకు పోత పోయడం నుంచి తోలు అతకడం దాకా అంతా చేతిపనే. నాకిప్పుడు 20 ఏళ్ళుంటే అటు తొంగి చూసేవాణ్ణి.

పాపకి ఒకచోట రాలేదు, ఒకచోట వచ్చింది. ఏ కాలేజీ అన్నది చెప్పొద్దంది, సరే.

సీటు వచ్చిన వారం లండన్ బ్రిడ్జ్ స్టేషన్‌కి వెళ్ళాం. అక్కడ 2022 నుంచి ఒక పైప్ ఆర్గన్ ఉంది. మూతపడే చర్చిల నుంచి ఆర్గన్లని కాపాడే ఒక సంస్థ తెచ్చి పెట్టింది, ఎవరైనా కూర్చుని వాయించొచ్చు. అనా లాప్‌వుడ్ అని పేరున్న ఆర్గనిస్టు ఉంది, ఆల్బర్ట్ హాల్ ఖాళీ అయ్యాక అర్ధరాత్రులు ప్రాక్టీస్ చేస్తుంటుంది. ఆమె ఒకసారి ఈ స్టేషన్‌లో వాయిస్తుంటే అక్కడ డ్యూటీలో ఉన్న సెక్యూరిటీ ఆమె యూనిఫాంతోనే నిలబడి ఒపెరా పాట పాడింది. ఆ వీడియో చూడండి, దొరుకుతుంది. గొంతు చూసి నేను ఫోన్ పక్కన పెట్టేశాను కాసేపు.

పాప ఏదో వాయించింది. తర్వాత నన్ను కూర్చోమంది. నేను కుడిచేత్తో ఒక్కటే, నాన్న పద్యం ఎత్తుకునే ముందు వాయించే మోహన వరస వాయించాను. ముప్పై ఏళ్ళ తర్వాత. గమకం పలకదు, నిజమే. కానీ మెట్టు మీద వేలు ఉన్నంతసేపూ స్వరం నిలబడి ఉంది, సన్నబడకుండా. పాప కాళ్ళ దగ్గర ఒక్క షడ్జమం తొక్కిపట్టింది శ్రుతికి.

మా ఆవిడ వీడియో కాల్‌లో నాన్నకి చూపిస్తోంది. నాన్నకి ఇప్పుడు 78. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, మంచం మీద లేచి కూర్చున్నాడు. జనం చప్పుడు, రైళ్ళ అనౌన్స్‌మెంట్లు. అంతా విని, ఫోన్‌కి చెవి ఆనించి, అడిగిన మొదటి మాట ఇది:

"బాగుందిరా. వెనకాల గాలి ఎవరు కొడుతున్నారు?"

ఉంటానండీ. మళ్ళీ శుక్రవారం.